చివరి ఎత్తు తేలికే

సర్వేయరు గారికి,

ఫ్రిజ్ మీద పెట్టిన చీటీలో కొండ దారికి వెళ్తున్నానని తప్ప ఏమీ రాయలేదు. మిగతాది దారి మొదట్లో ఉన్న ఊరినుంచి రాస్తున్నాను. ఇక్కడ ఫోనుకి సిగ్నల్ అందదు. అందినా ఉత్తరమే రాసేదాన్ని. ఫోనులో అయితే రెండో మాటకే అడ్డొస్తారు.

పోయిన నెల మన సైకిలు దారుల పుస్తకం అచ్చు వేయబోయే ఆయన మనింటికి వచ్చి, "మీరూ తొక్కుతారామ్మా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మీరు, "ఆవిడదేముందండీ, వెనక సీటులో కూర్చుని కాళ్ళు తిప్పుతుంది, అంతే" అన్నారు. ఇద్దరూ నవ్వారు. చేతిలో ట్రే ఉంది కాబట్టి నేనూ నవ్వాను. ఆ మాట ఈ రోజుకీ ముల్లులా గుచ్చుకుంటోంది.

పన్నెండేళ్ళుగా మనం తొక్కుతున్నది ఒకే జంట సైకిలు. ముందు మీరు, వెనక నేను. రెండు పెడళ్ళూ కలిసే తిరుగుతాయి కాబట్టి ఒకరు బలంగా తొక్కితే రెండోవారి కాళ్ళు ఊరికే తిరగొచ్చు, నిజమే. కానీ నేను అలా తిప్పానని మీరెలా అనుకున్నారు? మీరు చూసేది రోడ్డు, గుంతలు, మలుపులు. పక్కన ఏముందో చూసింది నేను. పుస్తకంలోని ఆరు దారులకీ మ్యాపులు మీవి. చెరువు మీది పొగమంచు దగ్గర్నుంచి కంచెల మీద ఆరేసిన ఉన్ని దాకా రాసింది నేను. అట్ట నమూనా మీద మాత్రం మీ పేరొక్కటే ఉంది. అదేమంటే, "ఒక్క దారి ఒక్కదానివే తొక్కి చూపించు, అప్పుడు వేయిద్దాం" అన్నారు.

అందుకే పుస్తకంలో ఇంకా చేరని ఈ ఏడో దారికి వచ్చాను. చెల్లి సైకిలు అడిగి తెచ్చుకున్నాను. ఇరవై కిలోమీటర్లు తారు రోడ్డు, పదిహేను కంకర రోడ్డు, ఆఖర్న నాలుగు కిలోమీటర్లు ఎత్తెక్కే దారి. పదేళ్ళ కిందట మనం వచ్చినప్పుడు మీరు రాసుకున్న నోటుబుక్కు నా దగ్గరే ఉంది. "చివరి ఎత్తు తేలికే. దిగనక్కర్లేదు" అని ఉంది అందులో. నేనూ దిగను. కాలు కింద పెట్టకుండా పైకి చేరితే నా పేరు అట్ట మీద ఉండాలి. చేరలేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తను.

మీ మోకాలి కట్టు విప్పకండి. మాత్రలు ఉప్పు డబ్బా పక్కన ఉన్నాయి.

వెనక సీటు


సర్వేయరు గారికి,

రెండుసార్లు ఎక్కబోయాను. రెండుసార్లూ దిగాను. దాచిపెట్టి లాభం లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

తారు రోడ్డు హాయిగా గడిచింది. కంకర మీద చక్రం జారుతుంటే పళ్ళు బిగబట్టి హ్యాండిలు పట్టుకున్నాను. పదిహేను కిలోమీటర్లలో నాకు కనబడినవి రాళ్ళు మాత్రమే. ముందు కూర్చున్నవాళ్ళు ఏమీ చూడలేరని నాకిప్పుడు తెలిసింది. ఆ విషయంలో మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఊరికే ఆడిపోసుకున్నాను. కానీ ఆ ఎత్తు ఉందే, కూలిన గోడ దగ్గర మలుపు తిరగ్గానే అది దారిలా ఉండదు, నిచ్చెనలా ఉంటుంది. మొదటిసారి ఆ మలుపులోనే ఆగిపోయాను. రెండోసారి ఇంకో వంద గజాలు వెళ్ళి, కంకరలో కూలబడి ఏడ్చాను.

ఎత్తు మొదట్లో నాకు గది ఇచ్చిన ఆవిడ గుమ్మంలోనే పట్టుకుంది.

"మళ్ళీ దిగారా?"

"తేలికే అని రాసుందండీ ఇందులో."

"ఎవరు రాశారో గానీ, కారులో ఎక్కుంటాడు. పదహారేళ్ళ నుంచి చూస్తున్నా. అక్కడ దిగి తోసుకుంటూ పోనివాళ్ళు పదిమంది కూడా ఉండరు."

నాకు ఒళ్ళు మండింది. "మా ఆయన కారెక్కలేదండీ. నేను వెనకే ఉన్నాను" అన్నాను. అంటూండగానే పదేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు దిగొచ్చాక నేను రెండు రోజులు మంచం మీదినుంచి లేవలేకపోయాను. మీరేమో ఆ సాయంత్రమే ఈల వేసుకుంటూ మ్యాపు గీశారు.

నీళ్ళు నమలకుండా చెప్పండి. ఆ ఎత్తులో మీరు తొక్కారా?

మీ జవాబు ఏదైనా నేను ఎక్కే తీరతాను. ఇంకో అయిదు రోజులు సెలవు కావాలని మా లైబ్రరీకి రాశాను.

వెనక సీటు


నా మొండిఘటానికి,

తొక్కలేదు.

కూలిన గోడ మలుపులో నా పిక్కలు పట్టేశాయి. దిగుదామని చెప్పబోయాను. ఈలోగా సైకిలు ఆగకుండా పైకి పోతూనే ఉంది. నా కాళ్ళు ఊరికే తిరుగుతున్నాయి. వెనక నీ రొప్పు వినిపిస్తోంది. ఒక వంద గజాలు చూసి చెబుదామనుకున్నాను. తర్వాత ఇంకో వంద. పైకి చేరాక నువ్వు నా వీపు మీద తల ఆనించి, "మీరు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు" అన్నావు. ఇక చెప్పడానికి నోరు రాలేదు. తేలికే అని రాసుకున్నాను. నా కాళ్ళకి తేలికే కదా మరి.

ఆ పుస్తకాలాయన అడిగినప్పుడు నువ్వు ఏమంటావోనని భయపడి ముందే నవ్వులాట చేశాను. కాళ్ళు తిప్పింది నేను. నీ ఉత్తరం చదివితే తల కొట్టేసినట్టయింది. ఈ పూటే ఆయనకి రాశాను. నీ పేరు ముందు, నా పేరు తర్వాత. నువ్వు ఎక్కినా ఎక్కకపోయినా అంతే. ఇంక కష్టపడకు, ఇంటికి వచ్చేయ్.

సర్వేయరు


సర్వేయరు గారికి,

మీ ఉత్తరం పొద్దున పాలవ్యానులో వచ్చింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. మూడోసారి చదివేటప్పుడు ఒక సంగతి తట్టింది. ఆ ఎత్తు నేను ఒకసారి ఎక్కేశాను. అదీ మిమ్మల్ని మోసుకుని. ఉత్తరం జేబులో పెట్టుకుని బయల్దేరాను.

కూలిన గోడ దగ్గర దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు. పైన రాయి మీద కూర్చున్నాక ఈ ప్రయాణంలో మొదటిసారి పక్కకి చూశాను. ఏం కనబడిందో పుస్తకంలో చదువుకోండి. కింది పేరా మాత్రం ఇక్కడే రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను.

"చివరి నాలుగు కిలోమీటర్లు చాలా కష్టం. మొదటిసారి వచ్చినవాళ్ళు దిగాల్సి రావచ్చు, సిగ్గుపడక్కర్లేదు. జంట సైకిలు మీద వచ్చేవాళ్ళు ఇద్దరూ తొక్కాలి."

మోకాలు నయమయ్యాక మళ్ళీ వద్దాం, మన సైకిలు మీదే. ఈసారి వెనక కూర్చుని పక్కలన్నీ చూద్దురుగాని. మీరు తొక్కకపోతే మాత్రం నాకు తెలుస్తుంది.

ముందు సీటు