పచ్చ రంగు పనికిరాదన్నారు

ఫిబ్రవరి 11
ప్రపంచ పోటీలకు ఇంకా నాలుగు నెలల టైముంది. స్టేడియం బోర్డులన్నీ మా ఆఫీసే చేస్తోంది. లోగో, రంగులు మా డైరెక్టర్ చూసుకుంటాడు. జనానికి దారి చూపించే పని నాది. గేట్లు, మెట్లు, టాయిలెట్లు, ఫస్ట్ ఎయిడ్ గదులు. డైరెక్టర్‌కి మేం పెట్టుకున్న పేరు క్లీన్ సార్. ఏం చూపించినా ఇంకా క్లీన్‌గా ఉండాలంటాడు.

మార్చి 2
ఫస్ట్ ఎయిడ్ బోర్డులకి పచ్చ రంగు పనికిరాదట. స్పాన్సర్‌కి పోటీ కంపెనీ రంగు అదేనట. స్టేడియంలో ఎక్కడా పచ్చ కనబడకూడదన్నాడు క్లీన్ సార్. మరి గడ్డి సంగతేమిటని అడిగాను. ఎవరూ నవ్వలేదు. బూడిదరంగు వేయమన్నాడు. సిమెంటు గోడ మీద బూడిదరంగు.

మార్చి 5
నమూనా బోర్డు పెట్టి, పదిమందిని పిలిచి పరీక్షించాను. ఏడుగురు బోర్డు ముందు నుంచే నడిచి వెళ్ళిపోయారు. అదంతా రాసి, ఈ రంగు వద్దని క్లీన్ సార్‌కి మెయిల్ పెట్టాను.

మార్చి 9
క్లీన్ సార్ గదికి పిలిచి తలుపు వేశాడు. వచ్చే పోటీల పనికి నన్నే టీమ్ లీడ్‌ని చేద్దామనుకుంటున్నానన్నాడు. ఆ మాటతోపాటే, బూడిదరంగుకి అభ్యంతరం లేదన్న కాగితం నా ముందుకు జరిపాడు.
సంతకం పెట్టాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే రాసుకోవాలనిపించింది.

మార్చి 10
అక్క వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్రాయింగ్ చూపించి ఫస్ట్ ఎయిడ్ ఎక్కడుందో చెప్పమన్నాను. ఎంతకీ దొరకలేదు. నీ కళ్ళజోడు మార్చుకోవే అన్నాను. నవ్వేసింది.

జూన్ 14, సాయంత్రం 5
పోటీలు మొదలయ్యాయి. మా బోర్డులు ఎంత హుందాగా ఉన్నాయో అని అందరూ ఒకటే పొగడ్తలు.

జూన్ 19
నిన్న మ్యాచ్‌లో, మూడో అంతస్తులో ఒకాయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన భార్య ఫస్ట్ ఎయిడ్ గది కోసం పరుగెత్తింది. కెమెరాలో పడ్డదంతా ఈరోజు మాకు చూపించారు. ఆవిడ ఆ గది ముందు నుంచే రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి సరిగ్గా మా బోర్డు కిందే ఆగింది. అటూ ఇటూ చూసి, ఐస్‌క్రీమ్ స్టాల్ వైపు పరుగెత్తింది. ఐస్‌క్రీమ్ బోర్డు మాత్రం భేషుగ్గా కనిపిస్తుంది.
సాయం అందేసరికి పదకొండు నిమిషాలు. ఆయన దక్కలేదు.

జూన్ 20
అన్నం సయించలేదు.

జూన్ 23
విచారణ కమిటీ వేశారు. దారి బోర్డుల బాధ్యత పూర్తిగా నాదేనని చెప్పి, క్లీన్ సార్ నేను సంతకం పెట్టిన కాగితం వాళ్ళ చేతిలో పెట్టాడు. నీ మెయిల్ చూపించవే, గట్టెక్కుతావు అంది అక్క. అంతలోనే, వద్దని రాసినదానివి మళ్ళీ సంతకం ఎందుకు పెట్టావని అడిగింది. బలవంతం చేశారన్నాను.
అక్కతో కూడా అబద్ధమే.

జూన్ 24
కమిటీకి మెయిల్ ఇచ్చాను. అందులో ఒక పెద్దావిడ, మిమ్మల్ని బలవంతపెట్టారా అమ్మా అని మెత్తగా అడిగింది. తలూపితే సరిపోయేది. లేదండీ, లీడ్‌ని చేస్తామన్నారు, సంతకం పెట్టాను అన్నాను. క్లీన్ సార్ తలెత్తలేదు.

జూన్ 27
నన్ను తీసేశారు. ఆయన్ని సెలవు మీద పంపారు. బోర్డులన్నీ పచ్చ రంగుకి మార్చేశారు. స్పాన్సర్‌ని అడిగితే, పచ్చ వద్దని మేమెప్పుడన్నాం అన్నారట. అసలు మొదట్లో వాళ్ళనెవరూ అడగనే లేదు. క్లీన్ సార్‌కి పచ్చ నచ్చలేదు, అంతే. స్పాన్సర్‌కి ఒక్క ఫోన్ చేసి కనుక్కోవాలని నాకూ తోచలేదు.

జూలై 6
చనిపోయినాయన భార్య ఫోన్ చేసింది. బోర్డు కిందే నిలబడి కూడా చూసుకోలేకపోయానటగా, కంగారులో నా కళ్ళు మూసుకుపోయాయా అని అడిగింది. మీ తప్పు కాదమ్మా, అది కనబడకుండా చేసింది నేనే అన్నాను.
ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పమంది.
చెప్పాను.