గాల్లో గంటా ఐదు నిమిషాలు

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. లేవగానే మోటారు వేయండి, ట్యాంకు నిండాక ఆపడం మరిచిపోకండి. దండెం మీద బట్టలు ఆరాక తీయండి.

ఇవాళ రాత్రి భోజనానికి మీ ఆఫీసువాళ్లను నలుగురిని పిలిచారట. మీరు చెప్పలేదు. మీ మేనేజరు భార్య నిన్న ఫోన్ చేసి, కూరల్లో కారం తగ్గించమంటే తెలిసింది. చెల్లికి ఇవాళే ఆపరేషనని వారం నుంచి మీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను. మీరు సోఫాలో పడుకుని, ఫోన్లో చూసి, "ఆరొందల కిలోమీటర్లు, విమానంలో గంటా ఐదు నిమిషాలు. పొద్దున వెళ్లి చూసేసి సాయంత్రం వంటకి వచ్చేయొచ్చు" అన్నారు. ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి గంటన్నర, అక్కడ రెండు గంటలు పడిగాపులు, దిగాక ఆసుపత్రికి ఇంకో గంట. అవేవీ మీ ఫోన్లో కనబడవు. చెల్లికి మత్తు దిగేసరికి నేను తిరుగు విమానం ఎక్కేయాలన్నమాట, మీవాళ్లకి కారం తగ్గించి వండటానికి.

తిరుగు టికెట్టు ఆదివారానికి మార్చుకున్నాను. వంట మీరు చేస్తారో, వచ్చినవాళ్ల చేత చేయిస్తారో మీ ఇష్టం.

మీ బీపీ మాత్రలు వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాను, మానకండి. సోఫా నుంచి అక్కడికి ఎనిమిది అడుగులు. పెళ్లయి పదకొండేళ్లయింది, మీరింకా చేరుకోలేదు.