అత్తయ్య వైపు మాడు

రెమెడియోస్ అత్తయ్యా,

ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

ఆదివారం బిల్బావో నుంచి వచ్చిన నా స్నేహితుడు గోర్కాకి పొద్దున్నుంచీ మన వలెన్సియా అంతా చూపించాను. గంటల గోపురం ఎక్కించాను, బజారంతా తిప్పాను, చల్లటి ఓర్చాతా తాగించాను. ఆకలితో నకనకలాడుతూ మీ ఇంటికొచ్చాం. అందరం చెంచాలు పట్టుకుని పాయెల్లా అన్నం వండిన పెనం చుట్టూ కూర్చోగానే నువ్వు చెంచాతో అన్నంలో గీతలు గీశావు.

"ఎవరి ముందున్నది వాళ్ళది నాయనా! గీత దాటారో, ఊరుకోను."

తర్వాత నువ్వు నిమ్మకాయల కోసం లోపలికెళ్ళావు. మామయ్య టీవీలో ఆట వైపు తిరిగాడు. నువ్వొచ్చేసరికి నీ వైపు అడుగున, అందరూ ఎగబడే కరకరలాడే మాడంతా మాయమై, పెనం తళతళలాడుతోంది.

"మీ అమ్మ నేర్పింది ఇదేనా? ఇంకోసారి నా గుమ్మం తొక్కావంటే చూడు!" అని, వాడే తిన్నాడనుకుని గోర్కాని దులిపేశావు. వాడు తల వంచుకున్నాడే గాని నోరు విప్పలేదు.

అత్తయ్యా, ఆ మాడు తిన్నది నేను. నా చెంచా లాక్కున్నా సరే, వాణ్ణి మాత్రం మళ్ళీ రానివ్వు.

నా పరువు కాపాడాడని రైలు దగ్గర వాణ్ణి కావలించుకున్నాను.

"పరువా పాడా! నోటినిండా మీ మామయ్య వైపు మాడు పెట్టుకుని ఎలా మాట్లాడమంటావు?" అన్నాడు.

ఈ చివరి ముక్క మామయ్యకు చదివి వినిపించకు.

నీ మేనల్లుడు