ఇరవై మూరలు

బీదర్, శుక్రవారం

భూమిలో నీళ్లు ఎట్లా తగ్గుతాయో కంప్యూటర్లో లెక్కగట్టి చూసే పని మేనకోడలు సవితది. దానికి బావుల పట్టిక నేనే పోగుచేసి ఇచ్చాను. నేల నుంచి నీళ్లు నా బావిలో ఇరవై లోతున ఉంటే, కమఠాణ ఊరి రైతు నర్సప్ప బావిలో ముప్పైకి దిగిపోయాయి. ఆ రెండంకెలు పట్టుకుని పోయిన ఆదివారం నేను ప్రవచనం చెప్పే సత్సంగంలో పారాయణ గ్రంథం పైకెత్తి, చెరుకు ఆశతో భూమాతను పిండుతున్నాడని అతన్ని అందరి ముందు కడిగేశాను.

ఈ సాయంత్రం సవిత అడిగింది: "మామా, నీ ఇరవై ఫీట్లేనా?"

"ఫీట్లెందుకు? తాడు చేతితోని కొలిచిన. ఇరవై మూరలు."

"మంచిగ జేసినవ్ పో! తక్కినోళ్లందరు ఫీట్లల్ల ఇచ్చిండ్రు. మూరకు ఒకటిన్నర ఫీటు. నీది గూడ ముప్పయ్యే. అన్నీ ఒక్క కొలతకు తేకుంట సగటు తీస్తే, ప్రోగ్రామ్ చెప్పేదంతా తప్పే."

వెంటనే నర్సప్పకు ఫోన్ చేసి, "తప్పు నాదే. చెరుకుకు నీళ్లు పెట్టుకో" అన్నాను.

"ఏం చెరుకయ్యా? మీరు గట్ల అన్నంక ఇయ్యాల పొద్దుగాలనే దున్నిచ్చేసిన" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

గ్రంథం పక్కనే ఉంది, తెరవడానికి చెయ్యి రావడం లేదు. ఎల్లుండి సత్సంగంలో అందరి ముందు నిలబడాల్సింది నేను. అతను వస్తాడో, రాడో...