అత్త బస్సు దిగుతున్నాను

డికెలెడి అత్తా,

మన గుంపును అందరూ బస్సు అంటుంటే, టికెట్టు ఎక్కడ కొనాలని అడిగాను, గుర్తుందా? జెండా పట్టుకుని నువ్వు పాడుతూ పరుగెత్తేదానివి. నాలుగు గంటల్లో మారథాన్ ముగించాలనుకునే మేమంతా వంత పాడుతూ నీ వెనక వచ్చేవాళ్లం.

ఈ చలికాలమంతా మిట్టలెక్కి సాధన చేశాను. ఆదివారం మారథాన్‌లో మూడున్నర గంటల్లో ముగించేవాళ్ల బస్సు ఎక్కుతున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. "దిగినవాళ్లని అమ్మ మళ్లీ ఎక్కించుకోదే, మగ్విన్యా బూరెలు కూడా వేయించి పెట్టదు" అని మీ అబ్బాయి మోలెఫె ఒకటే బెదిరింపు.

ఒక్క మనవి అత్తా. ఆదివారం సొవెటో ఊరంతా వినపడేలా పాడు. నీ గొంతు దూరమవుతుంటే బాగా పరుగెత్తుతున్నానని నాకు తెలుస్తుంది. దగ్గరవుతుంటే మాత్రం, అలిగి దాటిపోకు. నన్ను ఎక్కించుకో.

నీ మేనకోడలు