మూడేసి ఆకులు

జనవరి 21

మధ్యాహ్నం నందివర్ధనం పూలు నీళ్ళలో తడిపి కళ్ళమీద పెట్టుకుని పడుకున్నాను. చల్లగానే ఉంది, మసక మాత్రం పోలేదు. నెల్లూరు పోయి చూపించుకోమని మా ఆయన హజరత్తయ్య ఒకటే పోరు. నాకేం, రాయిలాగా ఉన్నానని కసిరాను. చూపు తగ్గిందని విడవలూరులో తెలిస్తే నా మొక్కల నర్సరీకి ఎవరొస్తారు?

ఫిబ్రవరి 3

అంగన్‌వాడీ టీచర్ డెబోరా ఫోన్. దీపావళి తర్వాత వాళ్ళ వేపచెట్ల కింద నాటడానికి పన్నెండు నందివర్ధనం మొక్కలిచ్చాను. నీడలో కూడా ఏడాది పొడుగునా పచ్చగా ఉండి పూస్తుందని గొప్పలు పోయాను. ఒక్క మొగ్గ కూడా రాలేదక్కా, సన్నంగా సాగిపోతా ఉండాయి అంటుంది. ఓపిక పట్టమన్నాను.

ఫిబ్రవరి 4, ఉదయం

మనసు పీకుతుంటే ట్రేలో మిగిలిన మొక్కలు తడిమి చూశాను. నందివర్ధనానికి కణుపుకి రెండాకులు. నా వేళ్ళకు మూడు తగిలాయి. ఇంకో మొక్క పట్టుకున్నాను. మూడే. అన్నిటికీ మూడేసి.

అయ్యో దేవుడా, తెల్ల గన్నేరు! పసిపిల్లల మధ్య విషం నాటించాను.

సాయంత్రం

డెబోరా దగ్గరికి పోలేదు. చెప్పడానికి నోరు రాలేదు. పిరికిదాన్ని.

ఫిబ్రవరి 5

పొద్దున్నే హజరత్తయ్యకు అంతా చెప్పేశాను. చూపు పోయిందని చెప్పేదానికి నీకు నామోషీ, పిల్లకాయలకేమన్నా అయితే ఎట్టా అని తిట్టి, బండి తీశాడు.

అంగన్‌వాడీలో పిల్లలు ఆ ఆకుల్నే కొబ్బరిచిప్పల్లో వేసి బువ్వలాట ఆడుతున్నారు. చిప్పలు లాక్కుని, అందరి నోళ్ళూ తెరిపించి చూశాం. ఎవరూ తినలేదు. ఆకు చూసి గన్నేరేమో అనుకున్నా, నువ్విచ్చినావు గదా అని ఊరుకున్నానక్కా అంది డెబోరా. చెంప మీద కొట్టినా బాగుండేది.

పదకొండు పీకాం. పన్నెండోది ఆయా చెంచమ్మ ఇంటికి పట్టుకెళ్ళిందట. ఎండలో విరగబూస్తా ఉందట. నందివర్ధనం పూలు కళ్ళకు మంచివని చెంచమ్మకు చెప్పింది నేనే.

వెళ్ళేసరికి అరుగు మీద పడుకుని ఉంది. కళ్ళమీద తెల్లగా ఏవో రెండు. అంతే కనబడింది నాకు. లాగి పారేసి, ముఖం మీద బిందెడు నీళ్ళు కుమ్మరించాను. మూడు దినాలుగా మండతా ఉందక్కా, మందు గదా అని ఓర్చుకున్నా అంటుంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఫిబ్రవరి 6

చెంచమ్మ ఎడమ కన్ను తెరుచుకోలేదు.

ఫిబ్రవరి 8

నెల్లూరు. చెంచమ్మ కన్ను దక్కుతుందన్నారు. తర్వాత నన్ను కూర్చోబెట్టారు. డాక్టరు చెయ్యెత్తి ఎన్ని వేళ్ళని అడిగాడు.

తాకి చెప్పనా అన్నాను.