రెండు పట్టాల చదువు

డాఫిన్, ఏప్రిల్ 3

ఒలెస్యా అక్కకు తమ్ముడు బొహ్దాన్ నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, కాకపోతే అలసిపోయి ఉన్నాం. ఫోన్ చేస్తే లారిస్సా వింటుందని ఉత్తరం రాస్తున్నాను. నీ మేనకోడలికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మీ విన్నిపెగ్‌లోని పాత విశ్వవిద్యాలయం. రెండోది మాంట్రియల్‌లో రెండేళ్లు, ఫ్రాన్సులో రెండేళ్లు. చివర్లో మన దేశపు పట్టా, వాళ్ల దేశపు పట్టా రెండూ ఇస్తారట. రెండు పట్టాల మీద రైలు నడుస్తుంది గానీ పిల్ల నడుస్తుందా? దాని మనసు మాత్రం ఫ్రాన్సు మీదే ఉన్నట్టుంది. నాకు పంపడం ఇష్టం లేదు. ఆ మాట దానితో అనకు. ముప్పై నాలుగేళ్లు మీ ఊరి విశ్వవిద్యాలయం ఆఫీసులో దరఖాస్తులకు ముద్రలు వేసిన దానివి, ఏది మంచిదో నువ్వే చెప్పు. మే ఒకటిలోగా జవాబివ్వాలి.

ఇట్లు,
బొహ్దాన్

తా.క.: మార్తా ఈ విషయంలో నాతోనూ, కూతురితోనూ మాట్లాడటం మానేసింది. ఇంట్లో కంటినిండా నిద్రపోతున్నది నా భార్య ఒక్కతే.

విన్నిపెగ్, ఏప్రిల్ 9

తమ్ముడు బొహ్దాన్‌ను అక్క ఆశీర్వదించి రాయునది.

లారిస్సాతో మాట్లాడాను. అది చెప్పింది నీకు చెప్పనని మాటిచ్చాను. నువ్వు రాసింది దానికి చెప్పొద్దన్నావు. ఇక నేను చెప్పగలిగింది ఇక్కడింకా మంచు కరగలేదన్న సంగతే. ఒక్క సలహా. కాఫీ దుకాణంలో నీ కూతురి చదువు గురించి మాట్లాడటం మానెయ్.

మీ అక్క

తా.క.: ఏది మంచిదని నన్నడక్కు. ముద్ర వేసేవాళ్లకు లోపలేముందో తెలియదు.

డాఫిన్, ఏప్రిల్ 14

అక్కకు,

అర్థమైంది. నాకు చెప్పలేని మాటంటే ఫ్రాన్సు వెళ్తానన్న మాటే కదా. సరే, కన్నవాణ్ణి, అడ్డుపడను. చక్రాలున్న పెద్ద పెట్టె కొని తెచ్చాను. చూడగానే లారిస్సా గదిలోకెళ్లి ఏడ్చింది. ఆనందమనుకుంటా.

నీ తమ్ముడు

తా.క.: నేనూ నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకుంటున్నాను. నిన్న నేను నడిపే స్కూలు బస్సెక్కే పిల్లలకు ఆ భాషలో శుభోదయం చెప్పాను. ఇద్దరు దిగిపోయారు.

విన్నిపెగ్, ఏప్రిల్ 18

ఒరేయ్ బొహ్దాన్,

రెండు రహస్యాలు మోసే వయసు కాదు నాది. మాట తప్పుతున్నాను, విను. మొదటి రోజే అది అన్నది ఇదీ: "అత్తా, నాకు విన్నిపెగ్ చాలు. కానీ నాన్న కాఫీ దుకాణంలో అందరికీ ఫ్రాన్సు, ఫ్రాన్సు అని చెప్పుకుంటున్నాడు. వెళ్లనంటే ఆయన తలెత్తుకోలేడు." నిన్న మళ్లీ ఫోన్ చేసింది. "పెట్టె కూడా తెచ్చాడు అత్తా, నన్నెప్పుడు పంపించేద్దామా అని ఉన్నట్టుంది" అని ఒకటే ఏడుపు. వెళ్లి దాని ఎదురుగా కూర్చో.

అక్క

తా.క.: ఫ్రెంచి మాట్లాడకుండా కూర్చో.

డాఫిన్, ఏప్రిల్ 24

అక్కకు,

కూర్చున్నాను. "దుకాణంలో గొప్పకు చెప్పుకున్నాను గానీ, నువ్వు వెళ్లకపోతేనే నాకు సంతోషం" అన్నాను. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదా నాన్నా" అంది. "నువ్వు చెప్పొచ్చు కదా" అన్నాను. తర్వాత ఇద్దరం కలిసి బంగాళదుంప కూరిన పెరోగీలు ఒక పళ్లెం తిన్నాం. విన్నిపెగ్‌నే ఖాయం చేసుకుంది. సెప్టెంబరు నుంచి నీ దగ్గరే ఉంటుంది. పై గది సర్ది పెట్టు.

నీ తమ్ముడు

తా.క.: మార్తా మాట్లాడింది. "నన్నడిగితే నెల కిందటే చెప్పేదాన్ని" అంది.

విన్నిపెగ్, ఏప్రిల్ 29

చిరంజీవి బొహ్దాన్‌కు,

పై గదే కాదు, ఇల్లంతా లారిస్సాదే. కుండీలకు నీళ్లు పోస్తే చాలు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నా బల్ల మీదా అవే రెండు కాగితాలున్నాయి. పదవీ విరమణ అయ్యాక, నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా, అవే రెండు చోట్లకు దరఖాస్తు పెట్టాను. రెండు చోట్లా రమ్మన్నారు. ఏది మంచిదో చెప్పమని నువ్వడిగితే ఏం చెప్పను? నాకే తెలియక గదిలో అటూ ఇటూ తిరుగుతున్నానప్పుడు. లారిస్సా ఫ్రాన్సుకే వెళ్తానని చెప్పి ఉంటే నేను ఆగిపోయేదాన్ని. మేనత్త పక్కన కూర్చుని చదివే గతి ఆ పిల్లకెందుకు? ఎవరెవరి కాగితాల మీదో ముద్రలు వేశాను. నా పేరు మీద ఒకటి పడితే ఎలా ఉంటుందో చూడాలనుంది. ఈ ఉదయమే మాంట్రియల్‌కు వస్తున్నానని జవాబు పంపాను. సంతకం బాగానే వచ్చింది.

ఆశీస్సులతో,
ఒలెస్యా

తా.క.: అరవై రెండేళ్ల విద్యార్థికి పెద్దల సంతకం అక్కర్లేదట. అయినా "ఈ నిర్ణయానికి ముందు ఇంట్లో ఎవరిని సంప్రదించారు" అన్నచోట నీ పేరు రాశాను. వాళ్లు అడిగితే, నెలంతా సంప్రదించుకున్నామని చెప్పు.